పెన్నా, గుండ్లకమ్మ నీటి పరీక్షల పట్టికను కుదించండి, తేదీలను పెంచండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నదులు, చెరువులు, జలాశయాల నీటి నాణ్యతను పరీక్షించే అధికారులకు, ప్రయోగశాలల సిబ్బందికి, ఆ పరీక్షలకు నిధులు మంజూరు చేసే జిల్లా యంత్రాంగానికి బహిరంగ లేఖ

ఆర్యా,

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కనిగిరి జలాశయం కింది ఆయకట్టులో మాకు కొంత మాగాణి ఉంది. కాబట్టి నీటి లెక్కలతో నాకున్న సంబంధం సగం తరగతి గదిది, సగం పొలం గట్టుది. కొన్ని నెలల కిందట మా పక్క ఊళ్లో ఒక కార్యాలయం గోడకు నీటి పరీక్ష ఫలితాల కాగితం అంటించి ఉంటే ఆగి చదివాను. అడ్డంగా పాతిక దాకా గళ్లున్నాయి. పీహెచ్, విద్యుత్ వాహకత, కరిగిన ఘనపదార్థాలు, కాఠిన్యం, క్లోరైడు, సోడియం, సల్ఫేటు, నైట్రేటు, ఇంకా ఎన్నో. వాటి కింద దశాంశాలతో అంకెలు, కొన్నిచోట్ల ‘బి.డి.ఎల్.’ అనే మూడక్షరాలు. కాగితం కింది అంచు వానకు తడిసి సిరా అలుక్కుపోయింది.

నేను చదువుతుండగా ముగ్గురు వచ్చి పక్కన నిలబడ్డారు. వరి పెట్టే ఆయన, “అయ్యవారూ, ఈ నీళ్లు నారుమడికి పెట్టొచ్చా?” అన్నాడు. రొయ్యల గుంటలు చూసుకునే కుర్రవాడు, “గుంటకు తోడుకోవచ్చా సారూ?” అన్నాడు. అంగన్‌వాడీలో వండిపెట్టే ఆమె మాత్రం, “పిలకాయలకు కాచి ఇస్తే సరిపోతాదా?” అని అడిగింది. ఆ మూడు ప్రశ్నలకూ కావలసిన సమాచారం కాగితంలో చాలావరకు ఉంది. అయినా పావుగంట సేపు పెన్సిలు పట్టుకుని గళ్లు కలిపితే తప్ప నేను జవాబు చెప్పలేకపోయాను. చెప్పిన తరువాత చూస్తే నమూనా తీసిన తేదీ నాలుగు నెలల కిందటిది. ఆ నీళ్లు ఏనాడో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసిపోయి ఉంటాయి.

ఈ లేఖలో నేను ముఖ్యంగా కోరేది ఇది. ప్రతిచోటా ప్రతిసారీ పాతిక కొలతలు తీసే పద్ధతిని ఆపి, మీ దగ్గర ఇప్పటికే పోగుపడి ఉన్న పాత రికార్డులను గణాంక పద్ధతులతో జల్లించి, ఏ ఐదారు కొలతలు మిగతావాటి సంగతిని కూడా చెప్పగలవో తేల్చుకుని, ఆ కొద్దిపాటి కొలతలనే ఎక్కువ చోట్ల, ఎక్కువసార్లు తీయండి. కాలుష్యం పెరుగుతున్న రోజుల్లో పరీక్షలు తగ్గించమంటున్నాడేమిటని అనుమానం రావడం సహజమే కనుక, ముందుగా ఒక చిన్న లెక్క చూడమని మనవి.

ఒక కాలువలోకి నెలకు సుమారు మూడు రోజులు, అంటే పది రోజులకొక రోజు చెడ్డ నీరు వచ్చి పడుతోందనుకుందాం. అది పట్నం మురుగు కావచ్చు, రొయ్యల పట్టుబడి అయిపోయాక ఖాళీ చేసిన గుంటల నీరు కావచ్చు. ఆ రోజులు ముందుగా కబురు చేసి రావు. నెలకొక సీసా ముంచితే అది సరిగ్గా చెడ్డ రోజున మునిగే అవకాశం పదింట ఒకటి. ఏడాదిలో 12 సీసాలు ముంచినా ఒక్కటీ ఆ రోజులకు తగలకుండా తప్పిపోయే సంభావ్యత ఎంతో తెలియాలంటే 0.9ని పన్నెండుసార్లు హెచ్చవేయాలి. అది దాదాపు 0.28. అంటే వందకు ఇరవై ఎనిమిది వంతులు, ఏడాది పొడుగునా పరీక్షించి కూడా ‘ఈ కాలువ శుభ్రంగా ఉంది’ అని రాసుకునే ప్రమాదం ఉంది. వారానికొకసారి ముంచితే 52 సీసాలవుతాయి, తప్పిపోయే సంభావ్యత వెయ్యికి నాలుగుకు దిగుతుంది. పాతిక కొలతలు పన్నెండుసార్లు తీస్తే ఏడాదికి 300 అంకెలు, ఐదు కొలతలు 52 సార్లు తీస్తే 260 అంకెలు. తక్కువ అంకెలతో ఎక్కువ తెలుసుకోవడానికి దారి ఇక్కడే ఉంది. నీటి దగ్గరకు వెళ్లిరావడానికయ్యే డీజిలు, మనుషుల ఖర్చు పెరుగుతుందన్న మాట నిజమే. అయితే ఎంచుకున్న కొలతల్లో కొన్ని గట్టు మీదే చేతి మీటరుతో తీయగలిగినవైతే లాకుల దగ్గర, పంపుహౌసుల దగ్గర రోజూ ఉండే సిబ్బందికే ఆ పని నేర్పవచ్చు.

ఇక ఏ కొలతలను వదలవచ్చన్నది చూద్దాం. నీటిలో లవణాలు ఎంత ఎక్కువగా కరిగి ఉంటే అందులో కరెంటు అంత బాగా పారుతుంది. కరిగిన ఘనపదార్థాల మొత్తం మిల్లీగ్రాముల్లో సాధారణంగా విద్యుత్ వాహకత అంకెకు 0.55 నుంచి 0.7 రెట్ల మధ్య ఉంటుంది. చాలా చోట్ల మొదటిదాన్ని విడిగా తూచకుండా రెండోదాన్నుంచే లెక్కగట్టి రాస్తారు. అంటే ఒకే కొలతను రెండు గళ్లలో రాసుకుని రెండు పరీక్షలు చేశామనుకుంటున్నాం. ఉప్పు నీటి ప్రభావం ఉన్నచోట క్లోరైడు, సోడియం, కాఠిన్యం కూడా చాలావరకు వాహకతతో పాటే లేస్తాయి, దానితో పాటే దిగుతాయి.

రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువు గట్టున చేరే జనాన్ని గమనించండి. అంత రద్దీలోనూ ఒక ఊరివాళ్లు ఒక గుంపుగానే నడుస్తారు. ఆ గుంపు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి అందరినీ అడగనక్కరలేదు, ఒకరిని అడిగితే చాలు. కొలతల్లో ఇలాంటి గుంపులను పట్టిచ్చే పద్ధతినే ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్, తెలుగులో ప్రధానాంశ విశ్లేషణ, అంటారు. దీని మూలాలు 1901లో కార్ల్ పియర్సన్ రాసిన వ్యాసంలో ఉన్నాయి. 1933లో హెరాల్డ్ హోటెలింగ్ దీన్ని ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చాడు. మన నదుల రికార్డులకు దీన్ని వర్తింపజేస్తే మూడు గుంపులు తేలవచ్చని నా అంచనా. వాహకత, క్లోరైడు, సోడియం, కాఠిన్యం ఉప్పు గుంపు. బి.ఒ.డి. (నీటిలోని కుళ్లును కరిగించడానికి సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు), సి.ఒ.డి. (అదే కుళ్లును రసాయనాలతో కరిగించి కొలిచేది), అమ్మోనియా, మలం కలిసిన జాడ చెప్పే కోలిఫాం బాక్టీరియా, వీటికి ఎదురుగా తగ్గే కరిగిన ప్రాణవాయువు కలిసి మురుగు గుంపు. మడ్డితనం, ఫాస్ఫేటు, నైట్రేటు వానలకు పొలాల మీదుగా వచ్చే గుంపు. నా అంచనా తప్పు కావచ్చు. తేల్చవలసింది మీ రికార్డులే.

ఈ విశ్లేషణ చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. వాహకత వందల్లో, వేలల్లో ఉంటుంది, అమ్మోనియా దశాంశాల్లో ఉంటుంది. వాటిని యథాతథంగా కంప్యూటరుకు ఇస్తే పెద్ద అంకె చిన్న అంకెను నోరెత్తనివ్వదు. అందువల్ల ప్రతి కొలతనుంచీ దాని సగటును తీసివేసి, ప్రామాణిక విచలనంతో (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతతో) భాగించి అందరినీ ఒకే పీట మీద కూర్చోబెట్టాలి. కోలిఫాం అంకెలు ఒక నెల వందల్లో, మరో నెల లక్షల్లో ఉంటాయి కనుక వాటికి ముందుగా సంవర్గమానం (లాగరిథం) తీసుకోవాలి. ఈ పని చేయకుండా గీసిన రంగురంగుల పటాలను నేను చాలా చూశాను. అవి గోడకు అందంగానే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉంది. ఈ పద్ధతికి ఏ కొలతలు కలిసి మారుతున్నాయో తెలుస్తుంది కానీ ఏది విషమో తెలియదు. ఆర్సెనిక్, సీసం, పాదరసం, పురుగుమందుల అవశేషాలు ఏళ్ల తరబడి దాదాపు సున్నాగానే ఉంటే, లెక్క వాటిని పనికిరానివిగా తేల్చి పక్కన పెడుతుంది. కానీ మనకు కావలసింది అవి సున్నా కాకుండా పోయిన ఆ ఒక్క రోజే. అందుచేత భార లోహాలను, పురుగుమందులను ఈ కుదింపులో కలపవద్దు. వాటికి ఏడాదికి రెండుసార్లయినా, ముఖ్యంగా కోతల ముందు మందులు కొట్టే రోజుల తరువాత, పూర్తి పరీక్ష విడిగా జరగాలి. ఫ్లోరైడు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన వైపు ఆ మాట వినగానే ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల బోర్లు గుర్తుకొస్తాయి. అది భూగర్భ జలం సమస్య, దానికి వేరే లేఖ రాయాలి.

కొలతలనే కాక నమూనా తీసే చోట్లను కూడా ఇదే విధంగా గుంపులు కట్టవచ్చు. సోమశిల జలాశయం, సంగం బ్యారేజి, నెల్లూరు బ్యారేజి, కనిగిరి జలాశయం, అక్కడినుంచి పంట కాలువల చివరల దాకా ఎన్ని చోట్ల నమూనాలు తీస్తున్నారో వాటన్నిటినీ క్లస్టర్ విశ్లేషణలో పెడితే, ఏ రెండు చోట్లు ఏడాది పొడుగునా ఒకేలా ప్రవర్తిస్తున్నాయో తెలుస్తుంది. అలాంటి జంటలో ఒకదాన్ని మానేసి, ఇంతవరకూ ఎవరూ సీసా ముంచని మరో చోటికి ఆ ఖర్చును మళ్లించవచ్చు. నన్నడిగితే సంగం దాటాక పెన్నాలో ఉన్నన్ని తనిఖీ కేంద్రాలు గుండ్లకమ్మ మీద, మన్నేరు, పాలేరు మీద కూడా ఉండాలంటాను. కంభం చెరువు విజయనగర రాజుల కాలంనుంచి గుండ్లకమ్మ నీళ్లు పట్టి ఉంచుతోంది. దాని నీటి మట్టం గురించి పత్రికల్లో వచ్చినంత వార్త దాని నీటి గుణం గురించి రాదు.

ఇప్పుడు సూచిక సంగతికి వస్తాను. ఈ లేఖ రాయడానికి నన్ను కూర్చోబెట్టింది నిజానికి ఇదే. పాతిక అంకెలను ఒక్క అంకెగా కుదించి నూటికి ఇన్ని మార్కులని ప్రజలకు చెప్పాలన్న ఆలోచన మంచిదే. 1965లో అమెరికాలో హోర్టన్ అనే ఇంజినీరు దీన్ని మొదట ప్రతిపాదించాడు. 1970లో బ్రౌన్, ఆయన సహచరులు అక్కడి నేషనల్ శానిటేషన్ ఫౌండేషన్ తరఫున 142 మంది నిపుణుల అభిప్రాయాలు సేకరించి, తొమ్మిది కొలతలు ఎంచి, ఒక్కోదానికి ఇంత బరువని నిర్ణయించారు. కరిగిన ప్రాణవాయువుకు 0.17, మలసంబంధ కోలిఫాంకు 0.16, పీహెచ్‌కు, బి.ఒ.డి.కి 0.11 చొప్పున, ఇలా మొత్తం ఒకటికి సరిపోతుంది. నేటికీ మన విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్సీ. ప్రాజెక్టులు ఎన్నో ఈ సూత్రంతోనే సాగుతాయి.

ఇందులో ఉన్న కీడు ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక చెరువులో ఎనిమిది కొలతలకు నూటికి 90 చొప్పున మార్కులు వచ్చాయి, కోలిఫాంకు మాత్రం 5 మార్కులే వచ్చాయనుకుందాం. బరువులతో హెచ్చవేసి కూడితే 0.84ను 90తో గుణించగా 75.6, దానికి 0.16ను 5తో గుణించగా వచ్చిన 0.8 కలిపితే మొత్తం 76.4. ఆ సూచికలో 70 దాటితే ‘మంచి నీరు’. మలం కలిసిన నీటికి మంచి నీరన్న ముద్ర పడింది! కూడికకు బదులు గుణకారంతో, అంటే బరువులను ఘాతాలుగా వాడి లెక్కగడితే అదే చెరువుకు సుమారు 57 వస్తుంది, ‘మధ్యస్థం’ అవుతుంది. అన్నిటిలో అతి తక్కువ మార్కునే సూచికగా తీసుకునే పద్ధతిలో 5 వస్తుంది. ఒకటే నీరు, ఒకటే సీసా, మూడు తీర్పులు. పదో తరగతిలో ఒక సబ్జెక్టు తప్పిన పిల్లవాణ్ణి మిగతా సబ్జెక్టుల సగటు చూపించి పాసు చేయరు కదా. తాగునీటి విషయంలో కూడికల సగటును వాడవద్దని, అతి తక్కువ మార్కు పద్ధతినే వాడమని నా గట్టి అభిప్రాయం. సగటు సూచికను ప్రకటించక తప్పదంటే, దాని పక్కనే అంత పెద్ద అక్షరాలతోనే ఏ కొలత అధ్వానంగా ఉందో కూడా రాయండి.

కెనడా పర్యావరణ మంత్రుల మండలి 2001లో ఖరారు చేసిన సూచికలో మరో మంచి ఆలోచన ఉంది. ఎన్ని కొలతలు హద్దు దాటాయి, ఎన్నిసార్లు దాటాయి, ఎంత దూరం దాటాయి అనే మూడింటినీ అది విడివిడిగా లెక్కిస్తుంది. నిపుణులను బరువులు అడగనక్కరలేదు, ఎంచుకున్న హద్దులు ఉంటే చాలు. ఆ హద్దులు మనకు కొత్తగా కావలసినవి కూడా కావు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటి వాడకాన్ని బట్టి ‘ఎ’ నుంచి ‘ఇ’ దాకా చేసిన వర్గీకరణలోనే ఉన్నాయి. క్రిమిసంహారం మాత్రమే చేసి తాగదగిన ‘ఎ’ తరగతి నీటిలో మొత్తం కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 50 దాటకూడదు, ప్రాణవాయువు లీటరుకు కనీసం 6 మిల్లీగ్రాములు ఉండాలి, బి.ఒ.డి. 2 దాటకూడదు. శుద్ధి చేసి తాగే ‘సి’ తరగతికి కోలిఫాం 5000 దాకా, ప్రాణవాయువు 4 దాకా సడలింపు ఉంది. చేపలకు, వన్యప్రాణులకు ఉద్దేశించిన ‘డి’ తరగతిలో స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు మించరాదు. సాగునీటి ‘ఇ’ తరగతిలో వాహకత సెంటీమీటరుకు 2250 మైక్రో మ్హోలు, సోడియం శోషణ నిష్పత్తి (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతో చెప్పే అంకె) 26, బోరాన్ 2 మిల్లీగ్రాములు హద్దులు. గోడ దగ్గర నన్ను ముగ్గురు అడిగిన మూడు ప్రశ్నలకు ఒకటే మార్కు ఎలా జవాబవుతుంది? నారుమడికి ఒక మాట, గుంటకు ఒక మాట, బిందెకు ఒక మాట, ఇలా మూడు మాటలు విడివిడిగా రాసి అంటిస్తే చదివేవాడికి పెన్సిలు అక్కరలేదు.

ఋతువుల విషయంలో బయటినుంచి వచ్చిన నమూనా పట్టికలను దయచేసి మన మీద రుద్దవద్దు. చాలా నివేదికల్లో వానకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు. నెల్లూరులో, ప్రకాశం కోస్తాలో అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలతో, తుఫానులతో వస్తుంది. పైగా సోమశిల నిండేది ఇక్కడి వానకు మాత్రమే కాదు. రాయలసీమ మీదుగా వచ్చే పెన్నా ప్రవాహం ఒకటి, శ్రీశైలంనుంచి మళ్లించిన కృష్ణా నీళ్లు మరొకటి. ఈ రెండు నీళ్ల లవణాల తీరు ఒకటి కావలసిన అవసరం లేదు. కాబట్టి ఋతువును క్యాలెండరు చూసి కాక, గేట్లు ఎత్తిన తేదీలు, కాలువలకు నీరు వదిలిన తేదీలు, ఎడగారు (రెండో) పంటకు నీరు ఆపిన తేదీలు చూసి నిర్ణయించాలి. ఒంగోలుకు సాగర్ కాలువ నీరు రామతీర్థం మీదుగా వచ్చి వేసవి చెరువుల్లో నిలుస్తుంది. అక్కడి నీటికి ‘కాలువ పారే రోజులు, చెరువు నిలిచే రోజులు’ అన్న రెండే ఋతువులు. ఈ విభజన సరిగ్గా జరగకపోతే తరువాత చేసే ఎంత గొప్ప విశ్లేషణా నిలవదు.

గడియారం సంగతి కూడా అంతే. 30 డిగ్రీల వేడి ఉన్న మంచినీటిలో ఇమడగల ప్రాణవాయువు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. నాచు బాగా పట్టిన చెరువులో మిట్టమధ్యాహ్నం ఎండకు అది 9, 10 కూడా దాటుతుంది, తెల్లవారుజామున 2కో 3కో పడిపోతుంది. ఈ మాట రొయ్యల రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. రాత్రంతా ఏరేటర్లు తిరగకపోతే తెల్లారేసరికి ఏమవుతుందో అతనికి అనుభవమే. అలాంటి జబ్బు చెరువునుంచి పన్నెండు గంటలకు నమూనా తీస్తే ప్రాణవాయువు లెక్కన అది ‘ఎ’ తరగతి నీరవుతుంది. పొద్దున ఏడు గంటలలోపు తీయండి, లేదా ఎప్పుడు తీసినా గంట రాయండి. నెల్లూరు దిగువన సముద్రపు పోటు తగిలే పెన్నా భాగంలో, బకింగ్‌హాం కాలువలో అయితే అది నీరు ఎక్కే పోటు సమయమా, వెనక్కి తీసే పాటు సమయమా అన్నది కూడా రాయాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లలో వాహకత ఎంత పెరుగుతుందో రాయకుండా, ఆ అంకెను మామూలు రోజు అంకెతో కూడి సగటు తీయడం లెక్క కాదు.

సగటు మీద నాకు మరో ఫిర్యాదు ఉంది. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఆ వరద పెన్నాలోకి వచ్చిన వారం గుర్తుందా? అలాంటి వారంలో తీసిన ఒక్క మడ్డితనం అంకె ఆ ఏడాది సగటు మొత్తాన్ని తన వైపు లాక్కుపోతుంది. అంకెలను వరుసగా పేర్చితే నడుమ వచ్చే మధ్యగతం అలా లాగుడు పడదు. ఆ అంకెను కొట్టేయమని అనడం లేదు, అది వరద చరిత్ర, దాన్ని దాచుకోవాలి. కానీ ‘సాధారణంగా ఈ నీరు ఎలా ఉంటుంది’ అన్న ప్రశ్నకు మధ్యగతంతోనూ, ‘చెడ్డ రోజుల్లో ఎంత చెడుతుంది’ అన్న ప్రశ్నకు 90వ శాతాంకంతోనూ (నూటికి తొంభై అంకెలు దాని దిగువనే ఉండే విలువతోనూ) జవాబివ్వండి. ఇక ‘బి.డి.ఎల్.’ అని రాసినచోట, పరికరం పట్టుకోగల హద్దుకంటే తక్కువ ఉందని మాత్రమే అర్థం. కొందరు దాన్ని సున్నాగా, కొందరు ఆ హద్దులో సగంగా తీసుకుని సగటు కడతారు. రెండూ కల్పనలే. ఆ హద్దు ఎంతో అంకె వేసి, దానికంటే తక్కువ అని రాసి ఉంచితే, అలాంటి విలువలకు తగిన పద్ధతులు గణాంకశాస్త్రంలో వేరే ఉన్నాయి.

కొలతలు తగ్గితే ప్రయోగశాలలో పనిచేసేవారికి తీరిక దొరుకుతుంది, ఆ తీరికతో నాణ్యత పెరుగుతుంది. మా విద్యార్థులతో పెన్నా ఒడ్డున ప్రాణవాయువు పరీక్ష ఎన్నోసార్లు చేయించాను. మూడు వందల మిల్లీలీటర్ల గాజు సీసాను నీటి అడుగునే నింపి, బుడగ లేకుండా మూత బిగించి, వెంటనే మాంగనీసు లవణం, క్షార అయొడైడు పైపుతో అడుగుకు దించితే, సీసాలో గోధుమరంగు తెట్టె మబ్బులా లేచి మెల్లగా కిందికి దిగుతుంది. నీటిలో ప్రాణవాయువు లేకపోతే ఆ తెట్టె తెల్లగానే ఉండిపోతుంది. ఈ పని గట్టు మీదే జరగాలి. ఒకసారి నమూనాలు తీసుకుపోతున్న వాహనంలో, ఎవరిదన్నది ఇక్కడ అనవసరం, ఆ మందులు వేయని సీసాలు ముందు సీటు మీద పదకొండు గంటల ఎండలో వెచ్చబడుతుండగా చూశాను. మధ్యాహ్నానికి ఆ నీటిలోని సూక్ష్మజీవులు కొంత ప్రాణవాయువును తినేసి ఉంటాయి. అదే వాహనంలో కోలిఫాం సీసాకు మంచు పెట్టె కూడా లేదు. ఆ కుర్రవాళ్లను తప్పుపట్టలేను, ఆ రోజు వాళ్ల జాబితాలో పది చోట్లు, చోటుకు పాతిక కొలతలు ఉన్నాయి.

బి.ఒ.డి. పరీక్షకు మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పడుతుంది. ఫలితం వచ్చేసరికి కాలువలో నీరు మారిపోతుంది. మూడు నాలుగు గంటల్లో తేలే సి.ఒ.డి.తో దాన్ని అంచనా కట్టే సమీకరణం ఒక చోటికి తయారు చేసుకోవచ్చు. అయితే నెల్లూరు మురుగుకు కుదిరిన సమీకరణం గుండ్లకమ్మకు కుదరదు. ప్రతి చోటికీ దాని సొంత గీత గీయాలి, ఏడాదికొకసారి అసలు బి.ఒ.డి.తో సరిచూడాలి.

రికార్డుల్లో ఊళ్ల పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. బుచ్చిరెడ్డిపాళెం పక్కనున్న కనిగిరి జలాశయం నెల్లూరు జిల్లాది. కనిగిరి పట్టణం ఉమ్మడి ప్రకాశానిది, అక్కడి నీళ్ల సమస్య వేరు. ఒక పట్టికలో ఈ రెండూ ఒకే వరుసలో కలిసిపోయి ఉండగా నేను స్వయంగా చూశాను. మా జలాశయంలో ఉన్నట్టుండి ఫ్లోరైడు ఎందుకు పెరిగిందని ఒక పూట బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ప్రతి చోటికీ ఒక సంకేత సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు ఉంటే ఇలాంటిది జరగదు.

ఏళ్ల మీద మార్పు తెలుసుకోవడానికి మాన్-కెండాల్ పరీక్షనూ, ఋతువులవారీగా విడగొట్టి చేసే దాని రూపాన్నీ వాడండి. మార్పు వేగానికి కలకత్తాలో చదివిన ప్రణబ్ కుమార్ సేన్ 1968లో ఇచ్చిన వాలు అంచనా సరిపోతుంది. ఈ పద్ధతులకు విలువలు సగటుకు రెండువైపులా గంట ఆకారంలో పరుచుకుని ఉండాలన్న షరతు లేదు, మధ్యలో నెలలు తప్పిపోయినా పని జరుగుతుంది. దీని మీద ఇంతకంటే ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఇవన్నీ పెద్ద కంప్యూటర్లు, విదేశీ నిపుణులు అవసరమైన పనులు కావు. ఉచితంగా దొరికే ‘ఆర్’ సాఫ్ట్‌వేరులో ఒక డిగ్రీ విద్యార్థి వారంలో చేయగలడు. అనేక కొలతలను ఒక్కటిగా చూసి వస్తువులను వర్గాలుగా విడగొట్టే శాస్త్రానికి 1936లో మహలనోబిస్ దూరంతో, 1948లో సి. ఆర్. రావు వ్యాసంతో గట్టి పునాదులు వేసింది మన దేశంలో పనిచేసినవారే. ఆ రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు. మన కళాశాలల గణాంకశాస్త్ర విభాగాలు విద్యార్థుల ప్రాజెక్టులకు ఇప్పటికీ ఐరిస్ అనే విదేశీ పువ్వుల రేకుల కొలతలనే వాడుతున్నాయి. వారికి పెన్నా కొలతలు ఇవ్వండి.

అందుకని నా అభ్యర్థన ఇది. గత పదేళ్ల రికార్డులను చోటు, తేదీ, గంటతో సహా, కూడికలు తీసివేతలు లేని మూల అంకెలుగా అందరికీ అందుబాటులో పెట్టండి. మొదటి ఎనిమిదేళ్ల అంకెలతో కొలతల కుదింపు చేసి, కుదించిన ఐదారు కొలతలు చివరి రెండేళ్లలో పూర్తి పట్టిక ఇచ్చిన తరగతినే ఇస్తున్నాయో లేదో సరిచూడండి. వందకు ఎన్నిసార్లు తప్పిందో, ముఖ్యంగా చెడ్డ నీటిని మంచిదని ఎన్నిసార్లు చెప్పిందో ప్రకటించండి. మంచిదాన్ని చెడ్డదనడం మనకు పెద్ద నష్టం కాదు, రెండోసారి పరీక్షిస్తే పోతుంది. సరిపోలిన చోట్ల వారానికొకసారి పద్ధతిని ఈశాన్య ఋతుపవనాలు రాకముందే, అక్టోబరు మొదటి వారంలో మొదలుపెట్టండి. సరిపోలని చోట్ల పాత పద్ధతే కొనసాగించండి. లెక్కల పనిలో సాయం కావాలంటే, జీతం అవసరం లేని ఒక పాత అయ్యవారు, ఆయన దగ్గర చదివి ఇప్పుడు ఊళ్లోనే ఉన్న నలుగురైదుగురు విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. నారుమడి, గుంట, బిందె అని మూడు గళ్లతో గోడకు అంటించే కాగితం నమూనా ఒకటి ఇప్పటికే గీసి ఉంచాను, మీరు పిలిచిన రోజున తీసుకొస్తాను.

ఇట్లు
విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
కనిగిరి జలాశయం ఆయకట్టు రైతు,
బుచ్చిరెడ్డిపాళెం